అత్తగారు చంకనెత్తుకున్న చక్రం

మా అత్తగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను పుట్టింటి చేలో, నడుముకి గుడ్డ కట్టుకుని, తొలి తీత పత్తి తీస్తున్నాను. మా ఆయన "అమ్మ..." అని ఆగిపోయారు. ఫోన్లో గాలి హోరు వినపడుతోంది. "పొద్దున కట్ట మీదికి వెళ్ళి వచ్చింది. మంచినీళ్ళు అడిగింది. నేను చెంబు తెచ్చేసరికి అరుగు మీద ఒరిగిపోయి ఉంది," అన్నారు. నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. మా అమ్మే నా నడుము గుడ్డ విప్పి, అందులోని పత్తి కుప్పలో పోసి, "పద, బస్సు దొరుకుతుంది," అంది.

పెద్దకర్మ అయ్యాక ఊళ్ళో సంతాపసభ పెట్టారు. మండలం నుంచి పెద్దవాళ్ళు వచ్చారు, బాగా మాట్లాడారు. నన్నూ మాట్లాడమని మైకు ఇవ్వబోతే తల వంచుకున్నాను. ఏడో తరగతితో చదువు ఆగినదాన్ని. నలుగురి ముందు నా పేరు చెప్పాలన్నా గొంతు పెగలదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ నా మొహం చూడరు కదా.

మా పుట్టిల్లు చిలకలూరిపేట దగ్గర. అత్తిల్లు సముద్రం ఒడ్డున. పేట దాటి సముద్రం వైపు వెళ్ళే బస్సులో కూర్చుంటే ఒక పెద్ద మురుగుకాలువ దారిలో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. పేరుకి మురుగు గానీ, అది వాననీళ్ళ కాలువ. పైన పత్తిచేలలో ఎక్కువైన నీళ్ళన్నీ అందులో పడి, వంకరలు తిరిగి, మా అత్తగారి ఊరి పక్కగా సముద్రంలో కలుస్తాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నన్ను కాలవ కట్ట మీదికి తీసుకెళ్ళి, "చూశావా, ఇవి మీ ఊరి నీళ్ళే. నీకంటే ముందే మా ఊరికి కాపురానికొచ్చాయి. వీటితోనే వేగలేక చస్తున్నాను, ఇప్పుడు నువ్వు కూడా," అన్నారు, మొహంలో నవ్వన్నది లేకుండా.

నేను భయపడి, "తప్పయింది అత్తయ్యా," అన్నాను.

అప్పుడు పగలబడి నవ్వారు. "నువ్వేం చేశావే పిచ్చిదానా! వాన కురవడం కూడా నీ తప్పేనా?"

ఆ కాలవని నమ్ముకుని మూడు పంచాయతీలు ఉన్నాయి. కాలవ సముద్రంలో కలిసే చోట పల్లెపాలెం, వేటకి వెళ్ళేవాళ్ళ ఊరు. మధ్యలో మాది. వరి, వేరుశనగ, ఈమధ్య రొయ్యల చెరువులు. మా పైన ఎగువూరు, మిరప తోటలకి పెట్టింది పేరు. పాలెం దగ్గర కాలవకి అడ్డంగా ఇనప షట్టర్ ఉంది. అమావాస్యకి, పున్నానికి సముద్రం పోటెత్తుతుంది. అప్పుడు షట్టర్ దించకపోతే ఉప్పునీళ్ళు కాలవలో ఎదురెక్కి ఎగువూరి మిరప మొదళ్ళ దాకా పోతాయి. వాన వరదలో ఎత్తకపోతే చేలన్నీ మునుగుతాయి. దాన్ని తిప్పడానికి ఒక ఇనప చక్రం ఉంటుంది. ఎవరు పడితే వాళ్ళు తిప్పకుండా పని కాగానే ఊడదీసి ఇంట్లో దాస్తారు. చక్రం ఎవరింట్లో ఉంటే కాలవ వాళ్ళది. ఏళ్ళ తరబడి అది మా ఊరి పెద్దల ఇళ్ళల్లోనే ఉండేది.

నేను వచ్చిన ఏడాదే పెద్ద గాలివాన వచ్చింది. ఎగువూరివాళ్ళు తమ పొలిమేరలో ఇసుక బస్తాలు వేశారు. ఆ నీళ్ళు మా మీదికి తిరిగాయి. మావాళ్ళు మా పొలిమేరలో బస్తాలు వేశారు. అవి పాలెం మీద పడ్డాయి. పాలెంవాళ్ళు వచ్చి మా బస్తాలు కోసేశారు. గాలివాన వెళ్ళిపోయాక కూడా మూడూళ్ళ మగవాళ్ళు కర్రలు పట్టుకుని కట్ట మీదే ఉన్నారు. అత్తగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "నీళ్ళకి హద్దురాయి చూపించండ్రా, చదువుకుని వెనక్కి పోతాయి!" అని అరిచారు. నేను వాకిట్లో చాప ఎత్తి మంచం మీద పెడుతూ విన్నాను. అంత పెద్ద గొంతు ఆడమనిషికి ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మా ఊరి సీటు ఆడవాళ్ళకి వచ్చింది. అందరూ మామగారే ప్రెసిడెంటు అవుతాడని, అత్తగారు సంతకం పెడుతుందని అనుకున్నారు. గెలిచిన రోజు దండ తెచ్చి మామగారి మెడలో వెయ్యబోతే, ఆయనే పక్కకి తప్పుకుని, "నాకెందుకురా, నాకు తిండి పెట్టే మనిషి ఆవిడ. అటు వెయ్యండి," అన్నారు.

ఆవిడకో అలవాటు ఉండేది. పొద్దున లేవగానే దొరువు దగ్గరికి వెళ్ళేవారు. మా వైపు ఇసుక నేలలో లోతు తక్కువగా గుంట తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి, అదే దొరువు. దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని, ఉమ్మేసి ఇంటికి వచ్చేవారు. నీళ్ళు ఉప్పదేలిన రోజున, "ఇవాళ పప్పులో ఉప్పు వెయ్యకే. సముద్రం వేసింది," అనేవారు. మొదట్లో ఆ మాట ఏడాదికోసారి వినేదాన్ని. తర్వాత నెలకోసారి అయింది. ఒడ్డున సరుగుడు చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మా ఆయన చిన్నప్పుడు కబడ్డీ ఆడిన జాగాలో ఇప్పుడు అల విరుగుతుంది.

ఒకసారి ఆఫీసరు గారు వచ్చి, వాతావరణం మారుతోందని, సముద్రం ఇంకా ముందుకు రావొచ్చని, ముందు ముందు ఒడ్డున ఉన్న ఇళ్ళు వెనక్కి జరుపుకోవాల్సి రావొచ్చని చెప్పారు. అందరూ బిక్కచచ్చిపోయారు.

"వెళ్ళిపొమ్మంటే వెళ్ళడానికి మేమేమన్నా చుట్టపుచూపుగా వచ్చామా సార్?" అన్నారు అత్తగారు.

ఆయన మంచాయన. కోపం తెచ్చుకోలేదు. "వెళ్ళమనడం లేదమ్మా. మీరో అర్జీ తెస్తారు, కట్ట ఇటు వెయ్యమని. పక్క ఊరు ఇంకో అర్జీ తెస్తుంది, అటు వెయ్యమని. నేను ఎవరి మాట వినను? మూడు పంచాయతీలూ ఒక్క తీర్మానం చేసుకురండి. అప్పుడు మీ తరఫున పైవాళ్ళతో నేను పోట్లాడతాను."

ఇంటికొచ్చాక అత్తగారు అన్నం తినేటప్పుడు, "ఆయన చెప్పింది నిజమేనే," అన్నారు. "నేను ఇన్నాళ్ళూ సముద్రంతో పోట్లాడుతున్నాననుకున్నాను. ఎగువూరితో పోట్లాడుతున్నాను."

మొదటి సమావేశం మా బడి వరండాలో పెట్టారు. టీలు ఇచ్చే పని నాది. ఎగువూరి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మీరెవరండీ?" అని అత్తగారు అడిగారు. తెలిసే అడిగారు.

"అదేంటక్కా, ఎగువూరి ప్రెసిడెంటుని."

"నువ్వా? గెలిచింది ఆడమనిషని విన్నానే!"

"మా ఆవిడేలే. ఇంట్లో పనుంటేను..."

"అయితే ఆ పని నువ్వెళ్ళి చూసుకో నాయనా. ఆవిణ్ణి పంపు."

పల్లెపాలెం ప్రెసిడెంటు పెద్దాయన, వలలు లాగిన మనిషి. ఆయన తొడ చరిచి, "ఒరేయ్ అల్లుడూ, గిన్నెలు ఒత్తి తోము, చేపల వాసన ఓ పట్టాన వదలదు!" అన్నాడు. వరండా అంతా నవ్వులు. ఎగువూరాయన మొహం కందిపోయింది. అప్పుడు గేటు బయట టీ బడ్డీ దగ్గర నుంచి మా మామగారు, "రావయ్యా రా! మొగుళ్ళ కుర్చీలు ఇటేశారు," అని పిలిచారు. ఆయన లేచి వెళ్ళక తప్పలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళావిడ వచ్చింది. చెంగు భుజాల చుట్టూ కప్పుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఆమెని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. అత్తగారు గొంతు తగ్గించి, "చెప్పమ్మా, మీ ఊరికి ఏం కావాలి?" అన్నారు.

ఆమె చాలాసేపు కాళ్ళ వంక చూసుకుంది. "నాటిన మిరప బతకాలి," అంది చివరికి.

"మా పడవలు లోపలికి రావాలి," అన్నాడు పాలెం పెద్దాయన. "గాలివానొస్తే మాకు ఈ కాలవే దిక్కు."

"మాకు దొరువుల్లో నీళ్ళు తియ్యగా ఉండాలి, మా చెరువులవాళ్ళకి ఉప్పగా ఉండాలి. మీ రెండూళ్ళూ నయం, మా ఊరితోనే అసలు పేచీ," అన్నారు అత్తగారు.

ఒక్క రోజులో తేలలేదు. ఎన్నిసార్లు టీలు కాచానో! అలిగి లేచిపోయినవాళ్ళని అత్తగారే ఇంటికెళ్ళి పిలుచుకొచ్చేవారు. కట్ట ఒక్కటే వెయ్యాలని, ఏ ఊరి పొలిమేరలోనూ తెగకూడదని ఒప్పుకున్నారు. ఇసుక దిబ్బలు తవ్వకూడదని, పాలెం దగ్గర మడ చెట్లు, పైన సరుగుడు నాటాలని ఒప్పుకున్నారు. షట్టర్ ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో కూడా ఒప్పుకున్నారు. అంతా అయ్యాక చక్రం దగ్గర ఆగింది. మూడూళ్ళకీ నెలకో వంతు, వంతున్న ఊరివాళ్ళే పాలెం వెళ్ళి షట్టర్ తిప్పాలి అన్నారు, బాగానే ఉంది. "మీ ఊరికి పంపితే మళ్ళీ పంపుతారన్న నమ్మకమేంటి?" అని అందరూ అందరినీ అడిగారు.

అత్తగారు లోపలికొచ్చి నన్ను పసుపు డబ్బా తెమ్మన్నారు. తుప్పు పట్టిన ఆ చక్రానికి అందరి ముందూ పసుపు రాశారు, బొట్టు పెట్టారు, నా కొత్త రవికె గుడ్డ ఒకటి దాని ఊచకి కట్టారు. "ఆడపిల్లని సాగనంపినట్టు పంపుదాం. పసుపు కుంకుమలతో పంపినదాన్ని వెనక్కి పంపకుండా అట్టే పెట్టుకునే ఇల్లు ఈ మూడూళ్ళల్లో ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు. ఎవరు చెబుతారు? పాలెం పెద్దాయన ఒక్కడే, "మరి సారెలో అరిసెలు లేవేంటి?" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి అమావాస్య పొద్దున పొలిమేరలో ఆ సాగనంపడం జరిగేది. రెండేళ్ళ పిల్లంత బరువుంటుంది చక్రం. మా వంతు అయ్యాక మోటార్ సైకిల్ మీద వెళ్దామన్నా అత్తగారు వినేవారు కాదు. చంకనెత్తుకునే నడిచేవారు. ఆవిడ ప్రతి చీరకీ ఎడమ నడుము దగ్గర తుప్పు మరక ఉండేది. నేను సబ్బుతో రుద్దుతుంటే, "వదిలెయ్యవే, అది నా బంట్రోతు బిళ్ళ," అనేవారు.

పోయినేడు తుఫానులో చక్రం పాలెం వంతులో ఉంది. ఉప్పెన లోపలికి రాకుండా షట్టర్ దించేస్తే వాళ్ళ పడవలే బయట ఉండిపోతాయి. పెద్దాయన దించేశాడు. మా ఊరి ట్రాక్టర్లు వెళ్ళి పడవల్ని ఇసుకలో ఈడ్చుకొచ్చి వేరుశనగ చేలలో పెట్టాయి. ఎగువూరి నుంచి తపేలాలతో పులిహోర వచ్చింది. గాలి తగ్గాక అత్తగారు చేను గట్టున నిలబడి, "ఈ ఏడు మా చేలో పడవలు పండాయి," అని మురిసిపోయారు.

ఇలాంటి మనిషి పోయారు. అదీ దీపావళి అమావాస్యకి కొద్ది రోజుల ముందు.

ఆ నెల చక్రం మా ఇంట్లోనే ఉంది. అమావాస్య పొద్దున ఎగువూరికి పంపాలి. అల్పపీడనం ఉందని టీవీలో చెబుతున్నారు. ఎగువూళ్ళో అప్పుడే మిరప నాట్లు అయ్యాయి. ఆ పొద్దున మా ఊరి చెరువుల ఆసామి ఇంకొంతమందితో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మామగారిని బావా అని పిలుస్తాడు. మెత్తగానే మాట్లాడాడు.

"చక్రం ఈ నెల కదలదు కదా బావా. పసుపు రాసి పంపాలన్నది అక్క పెట్టిన పద్ధతే. మైల ఇంటి నుంచి పసుపు కుంకుమ గడప దాటకూడదన్నది పెద్దల పద్ధతి. పెద్దకర్మ అయ్యాక నింపాదిగా చూద్దాం. అందాకా మా ఇంట్లో ఉంచుతాలే. ఈ బాధలో మీకా పనెందుకు?"

వాకిట్లో ఉన్న పెద్ద ఆడవాళ్ళు తలలూపారు. నిజమే కదా, అన్నారు. ఆయన చెరువులకి కొత్త నీళ్ళు పెట్టుకోవాలని, ఆ అమావాస్య పోటుకి షట్టర్ ఎత్తి ఉంటే డీజిల్ ఖర్చు లేకుండా నిండుతాయని అక్కడ తెలియనివాళ్ళు లేరు. మా ఆయన నేల చూస్తున్నారు. మామగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, ఆ మాటలు ఆయనకి వినపడ్డాయో లేదో తెలియలేదు.

నాకు ఒకటే కళ్ళ ముందు ఆడుతోంది. ఇవాళ చక్రం రాకపోతే ఎగువూరివాళ్ళు ఇసుక బస్తాలు తీస్తారు. మావాళ్ళు కర్రలు తీస్తారు. అత్తగారు చేసిందంతా అత్తగారితోనే పోతుంది. ఆవిడ పెట్టిన పసుపుతోనే ఆవిడ పని ఆపుతున్నారు.

"ఇవ్వను," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "ఇవ్వను బాబాయ్. అది మీ ఇంటికి రాదు. ఎగువూరికి వెళ్ళాలి. నేను తీసుకెళ్తాను."

అందరూ నా వంక చూశారు. తలుపు చాటున ఉన్నదాన్ని ఎప్పుడు వాకిట్లోకి వచ్చానో నాకే తెలియదు.

"మైలలో పొలిమేర దాటతావా అమ్మాయ్? నలుగురూ ఏమంటారు?"

"మీరు అంటూ ఉండండి బాబాయ్. నేను వెళ్ళొచ్చి వింటాను."

ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరూ నవ్వలేదు. ఇంతలో మంచం కింద ఏదో ఈడ్చిన చప్పుడైంది. మామగారు చక్రం బయటికి లాగి, భుజం మీది తువ్వాలుతో దాని దుమ్ము తుడుస్తున్నారు. పాత పసుపు అక్కడక్కడా ఇంకా అంటుకుని ఉంది. దాన్ని తుడవలేదు. చక్రం తెచ్చి నా చేతుల్లో పెట్టి, "ఇంకా నిలబడ్డావేం? మీ అత్త అయితే ఈపాటికి సగం దారిలో ఉండేది," అన్నారు.

చంకనెత్తుకున్నాను. ఎలా ఎత్తుకోవాలో అన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను కదా. మా ఆయన చెప్పులేసుకుని నా వెనకే వచ్చారు. కట్ట మీద గాలి ముందుకు అడుగు పడనివ్వడం లేదు. కుడివైపు అత్తగారు నాటించిన సరుగుడు మొక్కలు నా భుజం దాకా ఎదిగి ఊగుతున్నాయి. చక్రం ఊచ ఒకటి పక్కటెముకలకి గుచ్చుకుంటోంది. దారంతా ఒకటే భయం. పసుపు లేదు, బొట్టు లేదు, రవికె గుడ్డ లేదు. మైల మనిషి చేతి నుంచి వాళ్ళు అందుకుంటారా? వద్దు పొమ్మంటే?

పొలిమేర దగ్గర ఎగువూరి ప్రెసిడెంటు నిలబడి ఉంది. వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు. దూరంగా మోటార్ సైకిల్ మీద వాళ్ళాయన. ఎప్పుడూ వాళ్ళు పళ్ళెంలో తమలపాకులు, పూలు తెచ్చేవాళ్ళు. ఆ రోజు ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఎవరి తలలోనూ పూలు లేవు. వచ్చేది మైల ఇంటి నుంచని వీళ్ళకీ పట్టింపు ఉందనుకుని నా కాళ్ళు ఆగిపోయాయి.

"మా ఇంట్లో మైల అక్కా. పసుపు రాయలేదు. ఉట్టిదే తెచ్చాను," అన్నాను.

ఆమె ముందుకొచ్చింది. మొదటి రోజు కుర్చీ అంచున కూర్చున్న మనిషి కాదిప్పుడు. "మేమూ ఏం తేలేదమ్మా," అంది. "ఆవిడ పోతే మైల మీ ఒక్క ఇంటికేనా? మాకు లేదా?"

నేను అప్పుడు ఏడ్చాను. ఇంట్లో శవం దగ్గర ఏడవనంత ఏడ్చాను. ఆమె నా చంక కిందికి చెయ్యి పోనిచ్చి, పిల్లని అందుకున్నట్టే అందుకుంది. వాళ్ళాయన బండి దగ్గరికి తెచ్చి, "దీని మీద పెట్టు, బరువు," అన్నాడు.

"ఎత్తుకునే తీసుకెళ్తాను. మీరు వెనక రండి," అంది ఆమె.

ఆ సాయంత్రం పోటు వచ్చింది. ఎగువూరివాళ్ళు దించిన షట్టర్ దగ్గర ఉప్పునీళ్ళు తల బాదుకుని వెనక్కి పోయాయని పాలెం పెద్దాయన మనిషిని పంపి కబురు చేశాడు. మా వాకిట్లో దీపావళి దీపం లేదు. మామగారు ఆ కబురు విని, దొరువు నీళ్ళు ఒక చెంబు తెప్పించుకుని, గుక్క నోట్లో ఉంచుకుని, మింగేశారు.

పొలిమేర నుంచి నేను వెంటనే తిరిగి రాలేదు. వాళ్ళు వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. కట్ట మీద ఆమె ముందు, ఆడవాళ్ళు వెనక, అందరికంటే వెనక బండి తోసుకుంటూ వాళ్ళాయన. సముద్రం ఒక పక్క హోరెత్తుతోంది. ఆమె చంకలో నుంచి చక్రం సగం బయటికి తొంగిచూస్తోంది, ఎత్తుకున్న పిల్ల వెనక్కి తిరిగి చూసినట్టు. వాళ్ళు మలుపు తిరిగాక తల వంచి చూసుకున్నాను. నా చీరకి ఎడమ నడుము దగ్గర అరచేయంత తుప్పు మరక, చెమటకి ఇంకా తడిగానే ఉంది.